రేకుడబ్బాలో మూడు కార్డులు

మా ఇంట్లో బిస్కెట్ల ఖాళీ రేకుడబ్బా ఒకటుంది. అమ్మీ దవాఖానా కాగితాలన్నీ అందులోనే. మూత తీస్తే అన్నిటికన్నా పైన రబ్బరు బ్యాండు చుట్టిన మూడు కార్డులు కనిపిస్తాయి. ఒకటి పాలమూరు ఇంటి రేషన్ కార్డు, దాని మీద ఆరోగ్యశ్రీ. రెండోది జీడిమెట్లలో కంపెనీ పని చేసే మా తమ్ముడి ఈఎస్ఐ కార్డు. మూడోది మా జర్నలిస్టు హెల్త్ కార్డు. మూడింట్లోనూ అమ్మీ ఉంది. ఒకదాంట్లో పేరు చివర ‘బీ’ అని ఉంది. ఒకదాంట్లో ‘బేగం’ అయింది. ఇంకోదాంట్లో, ఇంటిపేరు ఏదని అడిగితే మాకు ఉండదన్నందుకు, అబ్బా పేరు ముందు తగిలించి ‘బీ’ని ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం చేసి పెట్టారు. సర్కారు లెక్కలో మా అమ్మీ ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరికి జ్వరమొచ్చినా గల్లీ చివరి డాక్టరు దగ్గరికి పోయి కార్డు చూపించే వీలు లేదు.

ఈ సంగతి తోటి విలేకరులతో చెప్తే, "మీకేం, మూడు కార్డులు. మా ఇంట్లో ఒక్కటీ లేదు" అని నవ్వారు. వాళ్ళ మాట అబద్ధం కాదు. కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళ గురించి మేమే ఎన్నో వార్తలు రాశాం. కానీ కార్డు ఉండటం వేరు, డాక్టరు ఉండటం వేరు. ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో తెలుసుకోవడానికి మాకు ఆరేళ్ళు పట్టింది.

పాలమూరులో మాకు కార్డు లేదు, డాక్టరున్నారు. మా గల్లీ మలుపులో రెండు గదుల దవాఖానా. ఆయన్ని అందరూ డాక్టర్‌సాబ్ అనేవాళ్ళు. నుదుట నామం, చేతిలో సియాసత్ పేపరు. నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో బడికి పోయిన తరం ఆయనది. ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, మా చిన్నతనంలో నామం పెట్టుకుని ఉర్దూ పేపరు చదివే పెద్దమనుషులు మా ఊళ్ళో ఇంకా ఉండేవాళ్ళు. ఫీజు పది రూపాయలు. అబ్బా దగ్గర లేకపోతే పొడుగాటి చిట్టా పుస్తకంలో రాసుకునేవారు. పండగకు ఇస్తే తీసుకునేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు.

ఆయన పెద్ద పెద్ద చదువులేమీ చదవలేదు. ఎంబీబీఎస్, అంతే. కానీ అమ్మీకి ఏ కాన్పు ఎట్లా కష్టమైందో, నానీ ఏ జబ్బుతో పోయిందో, అబ్బా రోజుకు ఎన్ని బీడీలు తాగేవాడో ఆయనకు తెలుసు. రంజాన్ ఇంకో పది రోజులుందనగా కబురు పంపేవారు, అమ్మీని ఒకసారి వచ్చి పొమ్మని. అప్పటికి అమ్మీకి షుగర్ కొత్త. పొద్దున వేసుకునే గోలీని ఇఫ్తార్‌కు మార్చేవారు, సహర్‌కు వేసుకునేదాన్ని సగం చేసేవారు. "చెమటలు పట్టి చేతులు వణికినయంటే అప్పటికప్పుడు రోజా ఇడిచిపెట్టాలె. ఖుదా మాఫ్ చేస్తడేమో, నేను మాత్రం చెయ్య" అని దక్కనీలో గదమాయించేవారు. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

1992 డిసెంబరు 6 తర్వాత నాలుగైదు రోజులు అబ్బా బజారుకు పోలేదు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. సరిగ్గా అప్పుడే చెల్లెకు నిమోనియా వచ్చింది. డాక్టర్‌సాబ్ చీకటి పడ్డాక సైకిలు మీద తానే వచ్చి సూదిమందు వేసి పోయారు, మూడు రాత్రులు. ఇది చెప్పి ఆయన్ని దేవుణ్ణి చేయాలని లేదు మాకు. ఆ మూడు రాత్రులూ అమ్మీ చాయ్ పెట్టింది. ఆయన తాగలేదు. మా ఇంట్లో ఎన్నడూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎందుకో అప్పుడు మాకు తెలియదు, అమ్మీకి తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ పెట్టేది. మా నాడి పట్టిన చెయ్యీ, మా కప్పు పట్టని చెయ్యీ ఒక్కటే. రెండూ చెప్తేనే ఆయన గురించి చెప్పినట్టు.

అబ్బా పోయాడు. డాక్టర్‌సాబ్ కూడా పోయారు, దవాఖానా గదుల్లో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. అమ్మీని మేం హైదరాబాదు తెచ్చుకున్నాం. ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు చూద్దామనుకున్నాం గానీ, పేరు చెప్పకముందు ఖాళీగా ఉన్న ఇల్లు పేరు చెప్పగానే నిండిపోయేది. ఈ కథ మనలో ప్రతి ఒక్కరికీ ఉన్నదే కాబట్టి పొడిగించం. చివరికి మెహదీపట్నం అవతల మనోళ్ళ బస్తీలో దొరికింది. ఇల్లు ఎక్కడ దొరికితే డాక్టరూ అక్కడే దొరకాలి గదా.

మా గల్లీ నుంచి పెద్దరోడ్డు దాకా నడిస్తే నాలుగు బోర్డులు కనిపిస్తాయి. ఒక హకీంసాబ్, ఒక ఆర్ఎంపీ, ఇద్దరు ఎంబీబీఎస్‌లు. ఆ ఇద్దరిలో ఒకాయన ఉర్దూ మాట్లాడతారు. అమ్మీకి ప్రాణం లేచొచ్చింది. ఫీజు మూడు వందలు, పరీక్షలు బయట, మందులు బయట. నెలకొకసారి పోతే సరిపోయే జబ్బు కాదు అమ్మీది. షుగర్‌కు తోడు బీపీ, కాలివేళ్ళ తిమ్మిరి. మూడోసారి పోయినప్పుడు డబ్బాలోంచి కార్డులు తీసి ఆయన బల్ల మీద పెట్టాం. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూసి, "యే తో బడే దవాఖానోఁ కే వాస్తే హైఁ, అమ్మా" అన్నారు. ఇవి పెద్ద దవాఖానాల కోసమట. "నా దగ్గరున్నది ఒక్క మంచం. అది కూడా సూది వెయ్యడానికే."

ఆయన మాట అక్షరాలా నిజం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి. మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. మా మేనమామకు గుండె ఆపరేషన్ ఆ కార్డు మీదే అయింది. అది లేకపోతే ఆయన లేరు. కాబట్టి ఆరోగ్యశ్రీని తిట్టే నోరు మాకు లేదు. (అదే ఏడాది ముస్లింలలో వెనుకబడ్డవాళ్ళకు 4 శాతం రిజర్వేషన్ చట్టం కూడా వచ్చింది. ఒకే ఏడాదిలో సర్కారు మమ్మల్ని రెండుసార్లు పేరు పెట్టి పిలిచిందని అబ్బా మురిసిపోయాడు.) కానీ ఆ పథకం కట్టడి చూడండి. డబ్బు పోయేది ఆస్పత్రికి. పడకలు, ఆపరేషన్ థియేటరు ఉన్న ఆస్పత్రికి. గుండె, మూత్రపిండం, మెదడు, క్యాన్సరు, ఇట్లాంటి పెద్ద రోగాల జాబితాకు. ఆ జాబితా ఏటికేడు పెరిగింది. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి పది లక్షల దాకా చేశారు. పది లక్షల కోతకు ఉంది. మూడు వందల ఫీజుకు లేదు. షుగర్ ముదిరి మూత్రపిండాలు చెడిపోతే డయాలిసిస్‌కు ఉంది, చెడిపోకుండా నెలనెలా చూసే మనిషికి లేదు.

ఇక ఈఎస్ఐ. ఇది చాలా పాత పథకం, 1948 నాటి చట్టంతో మొదలైంది. నెలజీతం 21,000 రూపాయల లోపు ఉన్న కార్మికుడి జీతంలోంచి నూటికి ముప్పావు రూపాయి, యజమాని నుంచి మూడుంబావు రూపాయలు. పెద్ద రోగమే కానక్కర్లేదు, దగ్గుకూ జ్వరానికీ కూడా ఉంది. తల్లిదండ్రులకు కూడా ఉంది, వాళ్ళు కార్మికుడి మీద ఆధారపడి ఉంటే. కాగితం మీద ఇంతకన్నా మంచిది లేదు. మేం పోయిన డిస్పెన్సరీ మా తమ్ముడి కంపెనీ వైపు ఉంది, మా ఇంటి నుంచి రెండు బస్సులు. మొదటిసారి అమ్మీ పేరు కార్డులో ఒకరకంగా, ఆధార్‌లో ఒకరకంగా ఉందని తిప్పి పంపారు. ‘బీ’ అన్నా ‘బేగం’ అన్నా ఒకే మనిషి అని చెప్పబోతే, "మీవాళ్ళల్లో అందరూ బేగంలే కదా, ఎట్లా గుర్తుపట్టాలి?" అన్నాడు కౌంటరు మీద పిల్లవాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. రెండోసారి డాక్టరు సెలవు. మూడోసారి డాక్టరున్నారు, బీపీ మందు లేదు. నాలుగోసారికి అమ్మీ రానంది.

ఈఎస్ఐలో ప్యానెల్ డాక్టరు అనే పద్ధతి ఒకటి ఉందని మా తరంలో చాలామందికి తెలియదు. బొంబాయి, కలకత్తా కార్మికవాడల్లో అది బాగా నడిచింది. గల్లీలో సొంత దవాఖానా ఉన్న డాక్టరే ఈఎస్ఐతో ఒప్పందం చేసుకుంటాడు. కార్మికుడు తన పేరు ఆ డాక్టరు దగ్గర రాయించుకుంటాడు. ఎన్ని కుటుంబాలుంటే ఆ లెక్కన డాక్టరుకు డబ్బు వస్తుంది. మా ఖాలా కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. అక్కడా ఇంతే, 1948లో మొదలైనప్పటి నుంచీ. పేటలోని డాక్టరు దగ్గర పేరు రాయించుకోవాలి, తలల లెక్కన సర్కారు డబ్బిస్తుంది. అంటే బీమా డబ్బు గల్లీ డాక్టరు దాకా పోయే దారి ఎవరూ కనిపెట్టనిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం ‘ఫ్యామిలీ డాక్టర్’ అనే పేరుతోనే ఒక పథకం తెచ్చింది. ప్రాథమిక ఆరోగ్యకేంద్రం డాక్టరు చెప్పిన రోజున ఊరికి వచ్చి చూసిపోవాలి. పల్లెల కోసం తెచ్చింది అది. ఆ పేరు వినగానే మాత్రం మాకు పాలమూరు మలుపు గుర్తొచ్చింది.

మూడో కార్డు మాది. అక్రెడిటేషన్ ఉన్న జర్నలిస్టులకూ, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళకూ. ఉద్యోగులకూ మాకూ కలిపి ఔట్‌పేషెంట్‌కు వెల్‌నెస్ సెంటర్లు పెట్టారు. మేం పోయిన సెంటరులో మందులు ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. నెలకు సరిపడా, మంచి మందులే. కానీ పోయినప్పుడల్లా కొత్త డాక్టరు. పోయినప్పుడల్లా మొదటి నుంచి కథ. ముందు టోకెన్, తర్వాత వరస, తర్వాత రెండు నిమిషాలు.

అసలు సంగతి అక్కడే జరిగింది. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాం.

ఆ ఏడు రంజాన్‌కు ముందు నుంచే అమ్మీ ఒకటే మాట అనేది. "జీ ఘబ్రారా బేటా." మధ్యాహ్నం పన్నెండు దాటితే ఘబ్రాహట్. సెంటరుకు తీసుకుపోయాం. డాక్టరుగారు కంప్యూటరు చూస్తూ ఏంటి ప్రాబ్లమ్ అన్నారు. అమ్మీ ఉర్దూలో చెప్పింది. మేం పక్కన నిలబడి తర్జుమా చేశాం. ఇది మాకు కొత్త కాదు. పొద్దున్నుంచి రాత్రి దాకా మా పనే అది. ఉర్దూ ప్రకటన తెలుగులోకి, తెలుగు ప్రసంగం ఉర్దూలోకి. ఇరవై ఏళ్ళ అనుభవం.

"గాబరాగా ఉంటుందట సార్" అన్నాం.

ఆయన తలెత్తి అమ్మీని ఒకసారి చూశారు. నల్ల బుర్ఖా, వంగిన భుజాలు. "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని మమ్మల్ని అడిగారు. లేవన్నాం. "ఈ వయసులో మామూలే. టీవీలో ఆ న్యూస్ చూడనివ్వకండి" అని, నిద్రకు సగం గోలీ రాశారు. షుగర్ మందులు ఎప్పటిలాగే. అంతే. ఆయన చెడ్డవాడు కాదు. మేం చెప్పిన మాటకు ఆయన మందు రాశారు.

ఘబ్రాహట్, గాబరా. ఒకే మాట. మనవాళ్ళ నోట్లోంచి తెలుగువాళ్ళ నోట్లోకి ఎప్పుడు పోయిందో పోయింది. అమ్మీ నోట్లో అది ఒంట్లో జరిగే సంగతి. గుండె దడ, కడుపులో ఏదో తోడేసినట్టు ఖాళీ, ఒంటి మీద చల్లటి చెమట, కాళ్ళు తేలిపోవడం. తెలుగులోకి వచ్చేసరికి మనసులో జరిగే సంగతి అయింది. కంగారు, భయం. రెండు భాషల్లోనూ ఉండే మాట కాబట్టే మేం మోసపోయాం. ఉర్దూలోనే ఉండే మాటైతే విడమరిచి చెప్పేవాళ్ళమేమో. షుగర్ పడిపోతోందని అమ్మీ నెల రోజులుగా చెప్తూనే ఉంది. వినాల్సిన మేం రెండు భాషల్లోనూ వినలేదు.

డాక్టర్‌సాబ్ అయితే ఇంకో ప్రశ్న అడిగేవారు. ఘబ్రాహట్ అంటే ఏందో ఆయనకు తెలుసు. తెలియకపోయినా, ఇంట్లో నలుగురు పిల్లల జ్వరాలప్పుడు కూడా గాబరా పడని మనిషి ఇప్పుడెందుకు పడుతుందని అడిగేవారు.

రంజాన్ వచ్చింది. రోగులకు రోజాల నుంచి మినహాయింపు ఉందని అమ్మీకి మాకన్నా బాగా తెలుసు. అయినా ఉంటుంది. అమ్మీ ఒక్కతే కాదు. 2001లో 13 దేశాల్లో, మన దేశం కూడా అందులో ఉంది, షుగర్ ఉన్న పన్నెండు వేల మందికి పైగా ముస్లింలను అడిగి ఒక అధ్యయనం చేశారు. టైప్ 2 వాళ్ళలో నూటికి 79 మంది ఆ నెలలో కనీసం 15 రోజులు రోజా ఉన్నారు. షుగర్ ప్రమాదకరంగా పడిపోయి ఆస్పత్రి పాలు కావడం మామూలు నెలలకన్నా రంజాన్‌లో ఏడు రెట్లు మించి ఉందని కూడా అందులో తేలింది. అంటే డాక్టరు "రోజా ఉండొద్దు" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఉంటావా అని అడగాలి. ఉంటానంటే గోలీ ఎప్పుడెయ్యాలో చెప్పాలి. ఆ ప్రశ్న మా అమ్మీని ఎవరూ అడగలేదు. సహర్‌కు రొట్టె తిని, పాత లెక్కన పూర్తి గోలీ వేసుకుంది.

పదకొండో రోజా. అసర్ నమాజుకు లేచి వజూ చేసుకుంటూ గుసల్‌ఖానాలో పడిపోయింది. మా మరదలు వెళ్ళేసరికి ఒళ్ళంతా తడి, నీళ్ళు కాదు, చెమట. మాట తడబడుతోంది. ఆటోలో దగ్గర్లో ఉన్న ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాం. నెట్‌వర్క్ ఆస్పత్రే, గోడ మీద బోర్డు కూడా ఉంది. షుగర్ చూస్తే 41. గ్లూకోజు ఎక్కించగానే పావుగంటలో కళ్ళు తెరిచి, ఇఫ్తార్ అయిందా అని అడిగింది.

రేకుడబ్బాతోనే పోయాం. మూడు కార్డులూ కౌంటరు మీద పెట్టాం. ఆరోగ్యశ్రీ డెస్కు దగ్గరి అబ్బాయి ఓపికగానే చూశాడు. ఇది ప్యాకేజీలో రాదన్నాడు. జర్నలిస్టు కార్డుకు మా దగ్గర ఇప్పుడు తీసుకోవడం లేదు, బకాయిలున్నాయి అన్నాడు. బకాయిల సంగతి మాకు తెలియనిది కాదు. 2019 ఆగస్టులో బకాయిల కోసం తెలంగాణ నెట్‌వర్క్ ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలే ఆపేసినప్పుడు ఆ వార్తను ఉర్దూలోకి తిప్పింది మేమే. మా మొహాలు చూసి ఆ అబ్బాయి ఏదో సాయం చేయాలనుకున్నాడు. "పడ్డప్పుడు తుంటి ఎముక ఏమైనా విరిగిందా సార్? విరిగుంటే చూద్దాం" అన్నాడు.

విరగలేదు. అల్‌హందులిల్లా అనాలో, అయ్యో అనాలో తెలియలేదు ఆ క్షణంలో. ఒక రాత్రికి పద్దెనిమిది వేలు కట్టి, తెల్లారి ఇంటికి తెచ్చుకున్నాం. మా మరదలి గాజు ఒకటి ఇంకా సేటు దగ్గరే ఉంది.

ఇదంతా ముస్లింలు కావడం వల్లే జరిగిందని మేమనం. మా పక్క గల్లీలో వడ్రంగి పని చేసే యాదగిరి అన్న కార్డు కూడా గల్లీ డాక్టరు దగ్గర పనిచేయదు. ఆయన భార్యా ఈఎస్ఐ మెట్ల మీద అమ్మీ పక్కనే కూచుంది. జ్వరానికి డాక్టరు లేని బీదతనం అందరిదీ. కానీ ఆమె తన కడుపునొప్పిని తన మాటల్లో చెప్పుకుంటుంది, ఆమె పండగ ఎప్పుడొస్తుందో డాక్టరుకు తెలుసు, ఆమె పేరు ఎట్లా రాయాలో కౌంటరు పిల్లవాడికి తెలుసు. తెలిసిన డాక్టరు ఒకడుంటే ఈ మూడూ మాకూ అక్కర్లేదు, ఆయనకు మేం తెలుసు కాబట్టి. పోయినప్పుడల్లా కొత్త మనిషి ముందు నిలబడాల్సి వస్తే, ప్రతిసారీ ముందు మా పేరు నిలబడుతుంది, తర్వాత బుర్ఖా, తర్వాత భాష. జబ్బు వంతు వచ్చేసరికి రెండు నిమిషాలు అయిపోతాయి. లౌకికవాదులైన మా మిత్రులు దీన్ని ఒప్పుకోవడానికి కొంచెం ఇబ్బంది పడతారు. మనోళ్ళేమో అంతా కావాలనే చేస్తారంటారు. ఇద్దరితోనూ మాకు పేచీ ఉంది.

ఆ తర్వాత మాకు డాక్టరు దొరికింది. బీమా కార్డు మీద కాదు. బస్తీ దవాఖానాలో.

2018 నుంచి హైదరాబాదులో ఈ బస్తీ దవాఖానాలు పెడుతూ వచ్చారు. కమ్యూనిటీ హాలు గదిలోనో, చిన్న కట్టడంలోనో, ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు. ఉచితంగా చూస్తారు, రక్తపరీక్షలకు నమూనా అక్కడే తీసుకుంటారు. ఇన్నేళ్ళూ దాని ముందు నుంచే నడిచిపోయాం. చేతిలో మూడు కార్డులుండి ఉచిత దవాఖానాకు పోవడమేంటన్న చదువుకున్నవాళ్ళ చిన్నతనం మాది. బోర్డు చూసి మాత్రం ఎప్పుడూ ఒక ముచ్చట పడేవాళ్ళం. వైద్యశాల కాదు, ఆస్పత్రి కాదు, దవాఖానా. అమ్మీ మాట, తెలుగు అక్షరాల్లో, సర్కారు గోడ మీద.

గుసల్‌ఖానాలో పడ్డ వారానికి అమ్మీయే పోదామంది. లోపల ఖమ్మం వైపు నుంచి వచ్చిన చిన్న పిల్ల, డాక్టరమ్మ. ఉర్దూ ఒక్క ముక్క రాదు. మేం తర్జుమాకు నోరు తెరవబోతే, "మీరుండండి సార్, అమ్మనే చెప్పనివ్వండి" అంది. అమ్మీ తన పాలమూరు తెలుగులో, సగం దక్కనీలో, "గాబరా అయితది బేటీ" అంది. మేం లోపల్లోపల తల కొట్టుకున్నాం, మళ్ళీ అదే మాట.

"గాబరా అంటే ఎట్లుంటదమ్మా? ఎక్కడుంటదో చెయ్యి పెట్టి చూపియ్యి."

అమ్మీ గుండె మీద పెట్టుకుంది. తర్వాత పొట్ట మీద. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి వణికించి చూపింది.

"తిన్నాకనా, తినకముందా?"

"తినకముందు."

"ఇప్పుడు ఉపవాసాలు కదా మీకు. ఉంటున్నవా?"

అమ్మీ మా వైపు చూసింది. ఉండటం లేదని అబద్ధం చెప్పమంటారేమోనని. మేం ఏమీ అనలేదు. "పడ్డ నాటి నుంచి లేను బేటీ. ఉండాలని ఉంది" అంది.

మూడు ప్రశ్నలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్ల గోలీ మార్చింది, ఈ ఏడు మిగిలిన రోజాలు వద్దంది, వచ్చే ఏడు రంజాన్‌కు రెండు వారాల ముందు రమ్మంది. పాత దవాఖానా చీటీలన్నీ తెమ్మంటే రేకుడబ్బా తీసుకుపోయాం. కార్డులు పక్కన పెట్టి అడుగు నుంచి ఒక్కొక్క కాగితం చదివింది. పాలమూరు డాక్టర్‌సాబ్ రాసిన పసుపు రంగు చీటీ ఒకటి దొరికితే, "గోలీ టైము ఎంత బాగా మార్చారో చూడండి" అని నర్సుకు చూపించింది. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం చాలా ఏళ్ళ తర్వాత చూశాం.

ఈద్ తెల్లారి అమ్మీ థర్మాస్‌లో షీర్‌ఖుర్మా పోసి తీసుకుపోయింది. మేం దారంతా గొణుగుతూనే ఉన్నాం. తీసుకోకపోతే ముసలిప్రాణం నొచ్చుకుంటుందని మా భయం. డాక్టరమ్మ స్టీలు గ్లాసు కడిగించి, నిలబడే తాగింది. ఇందులో ఖర్జూరం ఎందుకు వేస్తారని అడిగింది. ఇంకో సగం గ్లాసు పోయించుకుంది.

రెండేళ్ళు ఆమె మా డాక్టరు. ఈ నెల ఆమెకు పీజీ సీటు వచ్చింది, వరంగల్‌లో. ఇక్కడి పని కాంట్రాక్టుదే, ఎవరైనా వెళ్ళిపోతారు. వెళ్ళిపోయే ముందు ఒక పని చేసింది. అమ్మీని కూచోబెట్టి ఒక తెల్ల కాగితం మీద అన్నీ రాసింది. జబ్బులు, మందులు, పడని మందులు, రంజాన్‌లో ఎట్లా మార్చాలో. చివర ఖాళీ వదిలి, "మీ అమ్మ మాటలు మీరు రాయండి సార్" అంది. మేం కింద రెండు లిపుల్లో రాశాం, ఉర్దూలో ఒక వరస, తెలుగులో ఒక వరస. ఘబ్రాహట్ అంటే దడ, చెమట, వణుకు. చక్కర్ అంటే తల తిరగడం, కళ్ళు చీకట్లు కమ్మడం. జలన్ అంటే అరికాళ్ళ మంట. ఎనిమిది మాటలొచ్చాయి. ఇరవై ఏళ్ళలో మేం చేసిన తర్జుమాల్లో ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది ఇదొక్కటే.

కొత్త డాక్టరు సోమవారం వస్తారట. ఎవరో, ఎక్కడి నుంచో తెలియదు. నిన్న రాత్రి అమ్మీ రేకుడబ్బా ముందేసుకుని కూచుంది. మూడు కార్డులనూ రబ్బరు బ్యాండుతో సహా అడుగున పెట్టింది. తెల్ల కాగితాన్ని మడిచి పైకి తెచ్చింది. తర్వాత వంటింట్లోకి చూసి, పొద్దున్నే థర్మాస్ కడిగి పెట్టమని మా మరదలికి చెప్పింది.